పెళ్ళి గుర్రంతో తోట దాకా

“లాగకండి. అది గేదె కాదు.”

“లాగకపోతే ఇక్కడే కాపురం పెడుతుంది. నువ్వు వెనక నుంచి అదిలించవే!”

“నేను అదిలించను. అది ఒక్క తాపు తన్నిందంటే నన్ను ఆసుపత్రికి ఎవరు మోస్తారు? ఆ మోకాలేసుకుని మీరా?”

“మాటలు తర్వాత. ముందు దీన్ని కదిలించు. బస్సొచ్చింది.”

“బస్సు దాని టైముకి అదొచ్చింది. దాని టైముకి రోడ్డు మీద ఉన్నది మీరు.”

మా ఊరి మొగదల, నూజివీడు నుంచి రెడ్డిగూడెం వెళ్ళే రోడ్డు మీద, ఒక తెల్లటి ఆడగుర్రం అడ్డంగా నిలబడి ఉంది. దాని మెడకి మా గేదె పలుపు కట్టి, ఆ పలుపు రెండు చేతులా పట్టుకుని, దాని మొహంలో మొహం పెట్టి మా ఆయన లాగుతున్నారు. ఆయనకి డెబ్భై నాలుగేళ్ళు. నేను దానికి నాలుగు బారల వెనక చీపురు పట్టుకుని నిలబడ్డాను. చీపురు గుర్రం కోసం తేలేదు. వాకిలి ఊడుస్తుంటే ఆయన కేకేశారు, చేతిలో ఉన్నదానితోనే వచ్చాను.

బస్సు డ్రైవరు మూడుసార్లు హారన్ కొట్టి, ఇక లాభం లేదని ఇంజను ఆపేశాడు. డీజిలు దండగ చెయ్యనందుకు అతని మీద నాకు మంచి అభిప్రాయం కలిగింది. కిటికీలోంచి ఒక కాలేజీ కుర్రాడు తల బయటపెట్టి, “తాతగారూ, ముహూర్తం ఎన్నింటికండీ?” అన్నాడు.

“నిన్ను పిలవలేదులే, కూర్చో” అన్నారు మా ఆయన.

రోడ్డు పక్కన పొరుగాయన తోట ఉంది. మామిడి పిందె మీద ఉన్న రోజులు. కోతులు గుంపులుగా వచ్చి పిందెలు కొరికి పారేస్తాయి. వాటిని తోలటానికి అతను ఖాళీ నూనె డబ్బా మెడలో వేసుకుని, కర్రతో కొడుతూ కంచె వెంట తిరుగుతుంటాడు. ఆ పూట కూడా అక్కడే ఉన్నాడు.

“అబ్బాయ్, ఆ డబ్బా ఒకసారి దీని వెనక గట్టిగా వాయించు. బెదిరి కదులుతుంది” అన్నారు మా ఆయన.

అతను వాయించాడు. గుర్రం చెవులు నిక్కబొడుచుకుంది. మెడ వంచింది. కుడి ముందుకాలు ఎత్తి దించింది, ఎడమది ఎత్తి దించింది. మళ్ళీ కుడిది. నిలబడ్డచోటే.

“కదులుతోందండీ బాబాయిగారూ!” అని అతను ఇంకా గట్టిగా వాయించాడు. అది ఇంకా బాగా ఆడింది. బస్సులోవాళ్ళు దిగి చప్పట్లు కొట్టారు. ఇద్దరు ఫోన్లు తీశారు. కండక్టరు కూడా నవ్వాడు గానీ, ఉద్యోగం గుర్తొచ్చి ఆపుకున్నాడు. పొరుగాయన చెయ్యి నొప్పి పుట్టి డబ్బా ఆగింది. గుర్రం ఆట మానేసి, తనంతట తాను రోడ్డు దిగి, పక్కనున్న పచ్చగడ్డి దగ్గరికి వెళ్ళి మేయసాగింది. బస్సు వెళ్ళిపోయింది. మేము ఇంటికొచ్చాం. అలా గుర్రంతో తోటకి వెళ్ళాలన్న మొదటి ప్రయత్నం రోడ్డు దాటకుండానే అయిపోయింది.

మాకు గుర్రం ఎందుకో చెప్పాలి. మామిడి పూతకొచ్చే రోజుల్లో మా ఆయన మోపెడ్ మీద తోటకి వెళ్తూ కాలవ దగ్గర పడ్డారు. మోకాలిచిప్ప చితికింది. ఇక బండి ముట్టుకోవద్దని, నడక నాలుగు వీధులు మించకూడదని డాక్టరుగారు చెప్పారు. మా తోట ఇంటికి మూడు కిలోమీటర్లు. సగం దూరం తారు రోడ్డు. మిగతా సగం కాలవ గట్టు మీద మట్టి దారి. ఆటో గట్టు మొదలు దాకా వస్తుంది, గట్టు ఎక్కదు.

మా అబ్బాయి మాతోనే ఉంటాడు. నూజివీడులో ఎరువుల కొట్టు నడుపుతాడు. నాలుగు రోజులు వాడే తండ్రిని మోటారుసైకిలు మీద దింపి వచ్చాడు. కొట్టు తెరిచేసరికి పదవుతోంది, వచ్చిన రైతులు వెళ్ళిపోతున్నారు. “తోట ఐదేళ్ళకి కౌలుకిచ్చేద్దాం నాన్నా. ఆ మామిడి వ్యాపారి ఎప్పట్నుంచో అడుగుతున్నాడు” అన్నాడు. వాడన్నదాంట్లో తప్పేమీ లేదు.

కానీ యాభై ఏళ్ళుగా పొద్దున ఆరింటికి వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి వచ్చే మనిషి రోజంతా ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. పాలు పొంగబోయే ముందు “పొంగుతున్నాయే” అనేవారు. పొంగాక “చెప్పానా” అనేవారు. లేచి దించేవారు మాత్రం కాదు. కోడలు వంకాయ నిలువుగా కోస్తే అడ్డంగా కొయ్యమనేవారు. అడ్డంగా కోస్తే వంకాయ ఎవరైనా అలా కోస్తారా అనేవారు. ఇవన్నీ సర్దుకుపోవచ్చు. రెండో నెల వచ్చేసరికి అవి కూడా మానేశారు. పెరట్లో మంచం తూర్పు వైపుకి తిప్పించుకుని పడుకునేవారు. తోట తూర్పున ఉంది. అన్నం సగంలో లేచిపోయేవారు. మా ఇంట్లో కంచంలో అన్నం వదిలే అలవాటు ఎవరికీ లేదు. ఆ మిగిలింది గేదె కుడితిలో పోసేదాన్ని. ఎన్నాళ్ళని పొయ్యను?

ఒకరోజు ఆయన నూజివీడులో బ్యాండు మేళం నడిపే పాత స్నేహితుణ్ణి చూసొస్తానని ఆటోలో వెళ్ళి, చిన్న వ్యాన్‌లో తిరిగొచ్చారు. వ్యాన్‌లో గుర్రం ఉంది.

“ఊరికే ఇచ్చాడే” అన్నారు దిగుతూనే. “ఇప్పుడు పెళ్ళికొడుకులు గుర్రం ఎక్కట్లేదట. టాపులేని జీపులో నిలబడి వస్తున్నారట.”

“ఊరికే వచ్చింది ఊరికే ఉంటుందా? ఏం తింటుంది?”

“గడ్డే. మనకి గడ్డి ఉంది.”

వ్యాన్ తోలుకొచ్చినతను “ఉలవలు కూడానండి” అన్నాడు. మా ఆయన అతని వైపు చూశారు. అతను వ్యాన్ ఎక్కి కూర్చున్నాడు.

ఆయన ఆలోచన ఇదీ. పెళ్ళికొడుకు గుర్రం ఎక్కి ఊరికే కూర్చుంటాడు, ఒక మనిషి ముందు నడిచి గుర్రాన్ని నడిపిస్తాడు. అలా ఎంతమందినో మోసిన గుర్రం తనని మాత్రం మొయ్యదా? మా వీధి అరుగు మీంచి ఎక్కొచ్చు. తోటలో మోటారు షెడ్డు గట్టు మీదకి దిగొచ్చు. మోకాలితో పనిలేదు. ముందు నడిచే మనిషెవరన్నది మాత్రం ఆయన ఆలోచించలేదు.

రోడ్డు మీద ఆట జరిగిన సాయంత్రం మా అబ్బాయి ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పలేదు. వాడి కొట్లో యూరియా కొనటానికొచ్చిన రైతు ఫోను చూపించి, “ఈ తాతగారెవరో గానీ గొప్ప హుషారండీ” అన్నాడట. ఫోనులో వాడి నాన్నే ఉన్నారు. పక్కన చీపురుతో నేను ఉన్నాను.

“మోపెడ్ మీంచి పడితేనే మోకాలు పోయింది. ఇది దానికి రెండింతల ఎత్తుంది నాన్నా.”

“మోపెడ్‌కి కళ్ళు లేవురా. దీనికి ఉన్నాయి.”

“కళ్ళుంటే బస్సుకి అడ్డం నిలబడుతుందా?”

“బస్సు ఆగిందిగా.”

వాడు అప్పుడు చెప్పులు విప్పి కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. “సరే. ఆదివారం నేను కూడా వస్తాను. నా కళ్ళముందు నిన్ను ఎక్కించుకుని అది తోటదాకా వెళ్తే, నేనిక మాట్లాడను. తోట నీదే, గుర్రం నీదే. వెళ్ళకపోతే సోమవారం పొద్దున వ్యాపారి కాగితాలు తీసుకొస్తాడు, సంతకం పెట్టాలి. ఇంతకీ నడిపించేదెవరు?”

అందరూ నా వైపు చూశారు. నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. గోడ ఉంది.

మంగళవారం పొద్దున గేదె పాలు పితికి, గుర్రాన్ని పట్టుకున్నాను. నలభై ఏళ్ళుగా పశువుల్ని తోలినదాన్ని, ఇదెంత అనుకున్నాను. రా అన్నాను. పద అన్నాను. హై అన్నాను. నడు, కదులు, ఏం రోగం అని కూడా అన్నాను. నా మాటలన్నీ అయిపోయాయి. అది నన్ను చూస్తూ నిలబడింది. నేనూ దాన్ని చూస్తూ నిలబడ్డాను. మధ్యలో పలుపు వీణ తీగలాగా బిగిసి ఉంది. గోడ మీంచి పక్కింటావిడ, “అత్తయ్యగారూ, ఇవాళ డబ్బా లేదా అండీ?” అని అడిగింది.

బుధవారం మధ్యాహ్నం బస్సులో ఒకతను వచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి, సన్నటి మనిషి. భుజాన గుర్రం జీను ఉంది. బ్యాండు మేళంలో ఆ గుర్రాన్ని నడిపించినవాడు తనేనని, జీను అక్కడే మిగిలిపోతే ఇచ్చి పోదామని వచ్చానని చెప్పాడు. మజ్జిగ ఇచ్చాను. తాగుతూ, నేను గుర్రంతో పడుతున్న అవస్థ చూశాడు. గ్లాసు కడిగి బోర్లించాక అడిగాడు.

“అమ్మగారూ, మీరు రమ్మంటున్నారా, ఆగమంటున్నారా?”

“రమ్మంటున్నాను. వీధి చివరిదాకా వినపడుతోంది, నీకు వినపడలేదా?”

“నోరు రమ్మంటోందండి. కానీ మీరు దాని దారికి అడ్డంగా నిలబడి, కళ్ళలోకి చూస్తున్నారు. అది ఆగమనండి. తాడు బిగబట్టి ఉంచారు, వదలట్లేదు. కాలు కదిపినా అంతే బిగువు, కదపకపోయినా అంతే బిగువు. ఇంక కదపటం ఎందుకని ఆగిందండి.”

నేను మూడో తరగతితో బడి మానేసిన మనిషిని. ఆ మూడేళ్ళలో పంతులుగారు నాకు ఏదీ ఇంత విడమర్చి చెప్పలేదు.

అతను పలుపు విప్పేశాడు. తల చుట్టూ వచ్చేలా వేరే తాడు వేశాడు. గుర్రానికి ఎడమ పక్కన, దాని భుజం సరసన నన్ను నిలబెట్టాడు. తాడు చేతికి చుట్టుకోవద్దన్నాడు, మడతలుగా పట్టుకోమన్నాడు. తాడు కిందికి కాస్త జారి వేలాడుతూ ఉండాలట. గుర్రం వైపు కాదు, ఎక్కడికి వెళ్ళాలో అటు చూడాలట. చూసి, ఊపిరి పీల్చుకుని, అడుగెయ్యాలి.

“రాకపోతే?”

“కొంచెం బిగించండి. గుంజకూడదు, పట్టుకుని ఉండండి. అది బరువు ముందుకి వేసిందనుకోండి, అడుగు కూడా అక్కర్లేదు, వేద్దామా అనుకుందనుకోండి, వెంటనే వదిలెయ్యాలి. ఆలస్యంగా వదిలితే దేనికి వదిలారో దానికి తెలీదండి.”

అవసరానికి మించి లాగకూడదు, పని కాగానే ఆపెయ్యాలి. ఈ పద్ధతి నాకు కొత్త కాదు. గ్యాసు పొయ్యి నేను అలాగే వాడతాను. మూడోసారి అది బరువు మార్చటం చేతికి తెలిసింది. వదిలాను. అడుగేసింది. నేనూ వేశాను. పెరట్లో గేదె పాక దాకా వెళ్ళి వచ్చాం. ఆగాలంటే నేను ఆగి, ఊపిరి వదిలితే చాలు, ఆగింది. మా ఇంట్లో నేను ఒక్కసారి చెప్తే విన్న ప్రాణి అంతకుముందు లేదు.

డబ్బా సంగతి అడిగాను. మేళం మోగితే నిలబడి ఆడటం దానికి నేర్పిన పనేనని చెప్పాడు.

“మరి ఆట మధ్యలో కదలాలంటే ఏం చేసేవాడివి? మేళం ఆపించేవాడివా?”

“మేళం ఎవరి మాటా వినదండి. ఇదిగో, అరచెయ్యి ఇక్కడ భుజం మీద పెట్టి, తీసేసి, నేను వెళ్ళిపోయేవాణ్ణి. వెనక వస్తుందా రాదా అని చూడకూడదండి. మీరు తిరిగి చూశారంటే అది ఆగిపోతుంది.”

“పైన మా ఆయన ఉంటారు. చూడకపోతే పడ్డారో లేదో నాకెలా తెలుస్తుంది?”

“పడితే చప్పుడవుతుందండి” అన్నాడు.

ఎన్నేళ్ళు నడిపించావని అడిగితే తొమ్మిదేళ్ళు అన్నాడు. ఇప్పుడేం చేస్తున్నావంటే, జీపులకి పూలు కడుతున్నానన్నాడు. వెళ్ళేముందు గుర్రంతో ఏమీ మాట్లాడలేదు. జూలు మొదట్లో నాలుగు వేళ్ళతో కాసేపు గోకి, నాలుగు గంటల బస్సెక్కి వెళ్ళిపోయాడు.

గురువారం నుంచి శనివారం దాకా రోజూ రెండు పూటలు నడిపించాను. మొదట ఖాళీగా, తర్వాత బియ్యం బస్తా వేసి, ఆ తర్వాత బస్తా దించి మా ఆయన్ని ఎక్కించి. బస్తాతో సులువుగా ఉంది. ఆయన పైనుంచి “ఎడమకి, ఎడమకి... అబ్బా, అంత ఎడమకి కాదే” అంటూ ఉండేవారు.

“మీరు పెళ్ళికొడుకు. పెళ్ళికొడుకు మాట్లాడకూడదు.”

“మన పెళ్ళిలో మాట్లాడానుగా.”

“ఏం మాట్లాడారు?”

“పప్పులో ఉప్పు లేదన్నాను.”

“ఆ రోజే తెలిసింది నాకు.”

శుక్రవారం సాయంత్రం గుర్రం ఎంతకీ కదల్లేదు. నేను సరిగ్గానే నిలబడ్డాను, తాడు సరిగ్గానే పట్టుకున్నాను. కారణం తర్వాత తెలిసింది. కోడలు పెరట్లో కుళాయి కట్టెయ్యకుండా వెళ్ళింది, నీళ్ళు కారుతున్నాయి. నేను గుర్రం పక్కన ఉన్నాను గానీ నా పళ్ళు బిగిసి ఉన్నాయి, నా భుజాలు చెవులదాకా లేచి ఉన్నాయి. నేనింకా కోడలితో ఒక్క మాట అననే లేదు, దానికి ముందే తెలిసిపోయింది. తాడు పక్కన పెట్టి, వెళ్ళి కుళాయి కట్టేసి, కోడల్ని అనాల్సిన నాలుగూ అనేసి వచ్చి పట్టుకున్నాను. వచ్చింది.

ఇంట్లో ఏ గిన్నో వాయించి, అరచెయ్యి సంగతి కూడా ఒకసారి చూద్దామన్నారు మా ఆయన. గిన్నెలు సొట్టలు పడతాయి, వద్దన్నాను. ఆ పొరపాటు నాదే. దానికి బదులు పొరుగాయన దగ్గరికి వెళ్ళి, ఆదివారం పొద్దున ఒక్క గంట డబ్బా ఆపమని అడిగాను.

“పిన్నిగారూ, మీ మాట కాదనకూడదు గానీ, ఆ గంటా కోతులకి ఎవరు చెప్తారండీ?” అన్నాడు. పోయేవి అతని పిందెలు. మళ్ళీ అడగలేదు.

ఆదివారం ఆరున్నరకి అరుగు మీంచి మా ఆయన గుర్రం ఎక్కారు. ఉతికిన పంచె కట్టుకున్నారు. వీధిలో అందరూ గుమ్మాల్లోకి వచ్చారు. ఒకావిడ హారతి పళ్ళెం తెస్తానంది. కర్పూరం దండగ, వద్దన్నాను. మా అబ్బాయి మోటారుసైకిలు మీద పదడుగుల వెనక, కాళ్ళు నేలకి ఆనిస్తూ వచ్చాడు. రోడ్డు మీద బస్సు ఎదురొచ్చింది. నేను ఆ బస్సు వంక చూడలేదు, గుర్రమూ చూడలేదు. బస్సే పక్కకి తిరిగి వెళ్ళింది.

రోడ్డు దిగి గట్టు ఎక్కాం. గట్టుకి కుడి పక్క కాలవ, మోకాలి లోతు నీళ్ళున్నాయి, ఒడ్డు మాత్రం నిటారుగా ఉంటుంది. ఎడమ పక్క పొరుగాయన తోట కంచె. అతని తోట రోడ్డు దగ్గర మొదలై గట్టు పొడవునా ఉంటుంది. సగం దూరం వచ్చాక, కంచె అవతల, మాకు సరిగ్గా పక్కనే డబ్బా మోగింది.

గుర్రం ఆగింది. మెడ వంచింది. కాళ్ళెత్తటం మొదలుపెట్టింది.

“అమ్మా, ఆపు! నాన్నా, దిగిపో!” అని అరిచాడు మా అబ్బాయి.

దిగటానికి అక్కడ అరుగు లేదు. మా ఆయన జూలు రెండు చేతులా పట్టుకున్నారు. పెళ్ళయినప్పట్నుంచీ ఆయన అంత నిశ్శబ్దంగా ఉండగా నేను వినలేదు. ఆ నిశ్శబ్దానికే భయమేసి, చూడకూడదని తెలిసీ తిరిగి చూశాను. నేను తిరిగేసరికి గుర్రం కూడా నా వైపు తిరగబోయింది. దాని వెనక కాళ్ళు గట్టు అంచుకి జరిగాయి. మట్టిబెడ్డలు కాలవలో పడిన చప్పుడు వినపడింది.

అప్పుడు నాకు డబ్బా మీద కోపంగా ఉంది, అరుస్తున్న కొడుకు మీద కోపంగా ఉంది, ఈ వయసులో గుర్రమెక్కిన మొగుడి మీద కోపంగా ఉంది. ఈ మూడూ తాడులోంచి వెళ్తున్నాయని తెలుస్తూనే ఉంది. చూస్తే నా చెయ్యి పిడికిలై ఉంది, తాడు బిగిసి ఉంది. ముందు పిడికిలి వదిలాను. తాడు జారి వేలాడింది. మొహం తోట వైపు తిప్పుకున్నాను. ఊపిరి వదిలాను, ఒకసారి చాలలేదు, రెండోసారి వదిలాను. దాని భుజం మీద అరచెయ్యి పెట్టాను. చర్మం వేడిగా ఉండి అదురుతోంది. చెయ్యి తీసేసి నడిచాను.

నా చేతిలో ఉన్న తాడు నాలుగడుగుల పొడవుంటుంది. అది రాకపోతే నాలుగో అడుగుకి తాడు బిగుసుకోవాలి. ఒకటి వేశాను. రెండు వేశాను. వెనక మా అబ్బాయి అరుపు ఆగిపోయింది, ఎందుకు ఆగిందో తెలియదు. మూడు వేశాను. నాలుగు వేశాను. తాడు బిగుసుకోలేదు. ఐదో అడుగుకి నా చెవి పక్కన దాని ఊపిరి తగిలింది.

డబ్బా మోగుతూనే ఉంది. అది ఆడుతూనే ఉంది, కాకపోతే ముందుకి ఆడింది. అలా ఆడుకుంటూ గట్టు చివరిదాకా వచ్చింది. నేను ఎక్కడా తిరిగి చూడలేదు. చప్పుడేమీ కాలేదు కాబట్టి ఆయన పైనే ఉన్నారనుకున్నాను. ఉన్నారు.

మోటారు షెడ్డు గట్టు పక్కన ఆపాను. ఆయన దిగి, పంచె సర్దుకుని అన్నారు. “నా కోసం నువ్వు ఒక్కసారైనా తిరిగి చూడకపోవటం బాగాలేదే.”

“ఒకసారి చూశాను. బెడ్డలు కాలవలో పడ్డాయి.”

మా అబ్బాయి మోటారుసైకిలు స్టాండు వేసి, దాని మీదే కూర్చుండిపోయాడు.

“వచ్చిందా లేదా?” అన్నాను.

“ఆడుతూ వచ్చింది.”

“ఆడుతూ రాకూడదని నువ్వు చెప్పలేదు. వచ్చిందా లేదా?”

“వచ్చింది. రోజూ నువ్వు పోను మూడు, రాను మూడు కిలోమీటర్లు నడుస్తావా? నీకు అరవై ఎనిమిది.”

“నా కాళ్ళకి డాక్టరుగారు ఏమీ చెప్పలేదు.”

వాడు తల వంచుకుని తాళంచెవి తిప్పుతూ, “నాకు భయమేసిందమ్మా” అన్నాడు.

“నాకూ వేసింది. పైకి అంటే గుర్రానికి తెలుస్తుందని అనలేదు.”

వాడు బండి దిగాడు. తండ్రి చెట్ల వరసల మధ్య కుంటుకుంటూ, కొమ్మలు పైకెత్తి పిందెలు చూసుకుంటూ వెళ్తుంటే కాసేపు చూశాడు. ఆదివారమైనా కొట్లో సరుకు దించాలని వెళ్ళిపోయాడు. సోమవారం రావద్దని వ్యాపారికి చెప్తాడా లేదా అని మేము అడగలేదు. వాడూ చెప్పలేదు.

సోమవారం పొద్దున ఆరింటికి బయల్దేరాం. గట్టు మొదట్లో వ్యాపారి మోటారుసైకిలు మీద ఎదురొచ్చాడు. ముందు తోట చూసుకుని, ఇంటికి వెళ్దామనుకున్నాడట. కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి ట్యాంకు మీద ఉంచుకున్నాడు. బండి ఆపి, నమస్కారం పెట్టి, “మీ అబ్బాయిగారు ఇవాళ రమ్మన్నారండీ” అన్నాడు.

“తోట ఇవ్వటం లేదండి” అన్నారు మా ఆయన పైనుంచి.

“అదేంటండీ, ఒక్క నిమిషం ఆగండి, మాట్లాడుకుందాం.”

“ఆగటం నా చేతిలో లేదండి. ఆవిణ్ణి అడగండి.”

అతను నా వైపు చూశాడు. నేను దారి వైపు చూస్తున్నాను. గుర్రం ఆగలేదు. అతను బండి తిప్పుకుని నూజివీడు వైపు వెళ్ళిపోయాడు. ఏడుంబావుకి తోట చేరాం. ఆయన షెడ్డు గట్టు మీదకి దిగి మోటారు వేశారు. నేను గుర్రానికి నీళ్ళు పెట్టి, చెట్టు కింద కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. పిక్కలు పీకుతున్నాయి.